చూపు తగ్గుతున్న అమ్మాయి శిల్పకళ చదవవచ్చా?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయికి బొమ్మలు గీయడం, మట్టితో బొమ్మలు చేయడం తప్ప మరో ధ్యాస లేదు. రెటినైటిస్ పిగ్మెంటోజా అనే కంటి జబ్బు వల్ల చూపు క్రమంగా తగ్గుతుందని డాక్టర్లు చెప్పారు. బీఎఫ్‌ఏ (చిత్ర, శిల్పకళల డిగ్రీ) ఆలోచన మానిపించి సంగీతంలో చేర్పించమంటున్నారు బంధువులు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: చూపు సరిగా లేదనగానే పిల్లలను సంగీతం వైపు తోయడం మనకు అలవాటైపోయింది. ద్వారం వెంకటస్వామినాయుడుగారు మందదృష్టితోనే వయొలిన్ విద్వాంసులైన మాట నిజమే గానీ, ఆయన మనసు వయొలిన్ మీద ఉంది. మీ అమ్మాయి మనసు మట్టి మీద ఉంది.

శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీకి చిన్ననాటి నుంచే చూపు అంతంతమాత్రం. 1956లో కంటి ఆపరేషన్ విఫలమై అదీ పోయాక ఆయన మైనంతో చిన్న బొమ్మలు మలిచారు, రంగు కాగితాలు కత్తిరించి అతికించారు, 1972లో అక్కడి కళాశాల కళాభవన్ గోడ మీద టైల్స్‌తో కుడ్యచిత్రం చేశారు. కుంచె వేసిన రంగును వేలు గుర్తుపట్టలేదు. కాగితం అంచును, మైనం వంపును పట్టగలదు. అయితే ఆయన చేతిలో అప్పటికే దశాబ్దాల సాధన ఉంది. అందుకే చూపున్న ఈ సంవత్సరాలను వాయిదా వేయవద్దంటున్నాను.

బీఎఫ్‌ఏలో పెయింటింగ్ కన్నా శిల్పం తీసుకోవడం మేలని నా అభిప్రాయం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మట్టిబొమ్మ గోడ మందం ఎంతుందో కళ్ళు మూసుకుని చెప్పే సాధన ఇప్పుడే మొదలుపెట్టించండి. రబ్బరు షీటు మీద పలచటి ప్లాస్టిక్ కాగితం పరచి బాల్‌పెన్నుతో గట్టిగా గీస్తే గీత పైకి ఉబ్బుతుంది కనుక, తాను గీసినదాన్ని తానే తడిమి సరిదిద్దుకోవచ్చు.

వైకల్య ధ్రువపత్రం విషయంలో చాలామంది పొరబడతారు. అక్షరాలు చదవగలుగుతోంది కదా అని ఊరుకోకండి. చూపు స్పష్టతతోపాటు చూపు పరిధి ఎంత మేర ఇరుకైందో కూడా లెక్కిస్తారు. 40 శాతం వైకల్యం నిర్ధారణైతే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్ల కోటాకు అర్హత వస్తుంది. ప్రవేశపరీక్షలో డ్రాయింగ్ ఉంటుంది కాబట్టి అదనపు సమయం, మంచి వెలుతురు కావాలని ముందుగానే రాతపూర్వకంగా అడగండి. శిల్పాల మీదే సంసారం గడవడం చూపున్నవారికీ కష్టమే. బోధన అర్హత కూడా సంపాదించుకోవడం మంచిది.

ఫీజు కట్టే ముందు అమ్మాయితో కలిసి కాలేజీ శిల్ప విభాగానికి ఒకసారి వెళ్ళిరండి, అదీ సాయంత్రం పూట. ఈ జబ్బులో రేచీకటి ముందు వస్తుంది కనుక, ఆ మసక వెలుతురులో ఉలులు, రాళ్ళ మధ్య ఆమె ఎలా నడుస్తోందో మీరే గమనించవచ్చు.