మ్యాన్ పేజీ పంపే ముందు, అమ్మడూ

విజయనగరం

అమ్మడూ,

"నా ప్రోగ్రామ్ ఎలా వాడాలో చెప్పే మ్యాన్ పేజీ రాయడం అయిపోయింది మావయ్యా, సిరిమాను పండగ లోపే రిలీజ్ చేసేస్తాను, ఒకసారి చూడు" అని రాశావు. చూశాను. రాత బాగుంది. కానీ నువ్వు పంపింది సోర్స్ ఫైలు, అంటే గుర్తులతో ఉన్న ముడి ఫైలు. అది చదివి బాగుందనడం, కూరల సంచి చూసి పులుసు రుచి చెప్పినట్టే.

ముందు వాడేవాళ్లు చూసే రూపంలో చూడు. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. పేజీని తెర మీద చూపించే మ్యాన్ కమాండ్‌కి మైనస్ ఎల్ ఇచ్చి నీ ఫైలు పేరు కొడితే అక్కడికక్కడే తెరుచుకుంటుంది. టెర్మినల్‌ని 80 అక్షరాల వెడల్పులో పెట్టు. నీ పెద్ద మానిటర్ మీద ముద్దుగా ఉన్న ఆ టేబుల్ అక్కడ ముక్కలైపోతోంది.

ఇక చుక్క సంగతి. ఒకప్పుడు నేను పనిచేసిన చోట బ్యాకప్ స్క్రిప్టుకి పేజీ రాసింది నేనే. ఫలానా ఫైలును మాత్రం చెరపవద్దు అని ఒక లైను పెట్టాను. ఆ లైను మొదలయ్యేదే ఆ ఫైలు పేరుతో, ఆ పేరు మొదలయ్యేది చుక్కతో. మ్యాన్ పేజీలో లైను మొదట చుక్క కనిపిస్తే అది మాక్రో, అంటే పేజీ ఎలా కనిపించాలో చెప్పే ఆదేశం, అనుకుంటుంది. అలాంటి మాక్రో లేకపోతే నోరెత్తకుండా లైనంతా మింగేస్తుంది. సోర్స్‌లో ఉంది, తెర మీద లేదు. నేను నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ సోర్సే. నైట్ షిఫ్ట్ కుర్రాడు పేజీలో ఉన్నట్టే అన్నీ చెరిపేశాడు. అతన్ని ఏమనగలం? ఆ చుక్క ముందు బ్యాక్‌స్లాష్, ఆంపర్సాండ్ పెడితే సరిపోయేది. లైను సింగిల్ కోట్‌తో మొదలైనా ఇదే గొడవ. సోర్స్‌ని పేజీగా మార్చే జీరాఫ్ (groff) ప్రోగ్రామ్‌కి వార్నింగులన్నీ చూపించే డబుల్ డబ్ల్యు ఆప్షన్ ఇస్తే ఇలాంటివి బయటపెడుతుంది, మామూలుగా నడిపితే చెప్పదు. అలాంటిదే మ్యాన్‌డాక్ అనే ఇంకో ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికే లింట్ కూడా ఉంది. కాస్త సణుగుడెక్కువ, అయినా ఓపిగ్గా చదువు.

ఆప్షన్ల ముందు ఉత్త హైఫన్ కొట్టావు. కొన్ని సిస్టమ్‌లలో అది తెర మీద మైనస్‌గా కాక, అచ్చులో వాడే హైఫన్‌గా వస్తుంది. కంటికి తేడా తెలియదు. కాపీ చేసి పేస్ట్ చేసినవాడికి మాత్రం కమాండ్ ఎదురు తిరుగుతుంది. ప్రతి దాని ముందూ బ్యాక్‌స్లాష్ చేర్చు. తరవాత కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి, ఉదాహరణలన్నీ పేజీలోంచే కాపీ చేసి నడుపు. నీ అకౌంట్‌లో ఎప్పుడో చేసిన సెట్టింగులు నీ తప్పుల్ని కాపాడుతుంటాయి.

పేరు చెప్పే మొదటి లైను తిన్నగా ఉండాలి. పేజీలను వెతికిపెట్టే వాటిజ్, అప్రోపోస్ కమాండ్లు దాన్నే చూపిస్తాయి. లెక్స్‌గ్రాగ్ అనే కమాండ్‌కి పేజీ ఇస్తే ఆ లైను చదవగలదో లేదో చెప్పేస్తుంది. ఇంకోటి, నీ ప్రోగ్రామ్ హెల్ప్‌లో పదకొండు ఆప్షన్లున్నాయి, పేజీలో పదే. తప్పిపోయింది ఏదో నేను చెప్పను.

ఇదంతా అయ్యాక అసలు ప్రూఫు చూడడం. కుర్రతనంలో గంటస్తంభం దగ్గర ఒక ప్రెస్‌లో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఒకడు కాపీ పైకి చదివితే, ఇంకొకడు ప్రూఫు మీద వేలు పెట్టుకుని వెంట వెళ్లేవాడు. కామా వస్తే "కామా" అని కూడా పలికేవాళ్లం. నీ రూమ్మేట్‌ని కూర్చోబెట్టి అలా చదివించు. ఆ అమ్మాయికి కంప్యూటర్లు అంతగా రాకపోతే ఇంకా మంచిది. మీ పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు చూడు, అంత నిదానంగా సాగాలి. గంటకి రెండు పేజీలు అయితే చాలు.

ఇంకొక్కటి. 1971 నవంబరు 3 తేదీతో వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే బగ్స్, అంటే లోపాలు, అనే శీర్షిక ఉంది. యూనిక్స్‌ని తయారుచేసిన థాంప్సన్, రిచీ అంతటివాళ్లు తమ ప్రోగ్రాముల లోపాలు తామే రాసి పెట్టారు. స్పేస్ ఉన్న ఫైలు పేర్లతో నీది పని చేయదని నాకు ఫోన్‌లో చెప్పావు. పేజీలో ఎక్కడా చెప్పలేదే?

రిలీజ్ ఒక వారం ఆగినా ఎవరూ ఏమీ అనరు. మంగళవారం సిరిమానుకి వస్తావుగా, దిద్దిన పేజీ ప్రింట్ తీసి పట్టుకురా. ఎర్ర పెన్ను నా దగ్గరుంది.

మీ మావయ్య