22 గంటలైనా మావాడిని సోలోకి పంపలేదు

ప్రశ్న: మా అబ్బాయి మహారాష్ట్రలో పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. తోటి పిల్లవాడిని 15 గంటలకే ఒక్కడినే విమానం నడపనిచ్చారు. మావాడికి 22 గంటలైనా ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకోవడం లేదు. అప్పు చేసి చేర్పించాం. వాడికి ఈ చదువు సరిపడదేమోనని భయంగా ఉంది.
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి చెబుతాను. మీ టెన్షన్‌లో సగం అదే అనిపిస్తోంది. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగేది మొత్తం 200 గంటలు. అందులో కనీసం 100 గంటలు అబ్బాయి బాధ్యతంతా తానే తీసుకునే పైలట్-ఇన్-కమాండ్‌గా నడపాలి. ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండి నేర్పిన గంటలు కూడా ఆ 200లో కలుస్తాయి. కాబట్టి ఈ ఏడు గంటలూ ఎక్కడికీ పోలేదు.

ఇక సోలో. ఇన్ని గంటలు కాగానే పంపి తీరాలన్న లెక్కేమీ లేదు. తాను నోరు మెదపకుండా కూర్చుంటే ఏం జరుగుతుందో ఇన్‌స్ట్రక్టర్ చూస్తారు. సర్క్యూట్లు (పైకి లేచి, చుట్టూ తిరిగి మళ్లీ దిగడం) కొట్టేటప్పుడు స్పీడు పడిపోతే, చెప్పకముందే సర్దుకుంటున్నాడా? ల్యాండింగ్ ఒకటి బాగా వస్తే చాలదు, వరసగా రావాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. దిగడం కుదరదనిపించినప్పుడు మొండికేయకుండా, తనంతట తానే పవర్ ఇచ్చి, దిగకుండా మళ్లీ పైకి లేచి 'గో అరౌండ్' చేయాలి. ఇంజిన్ ఆగితే ఏం చేస్తాడు, కంట్రోల్ టవర్ మాట అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాడా అన్నవీ చూస్తారు. సెస్నా 152 లాంటి చిన్న విమానంలో పక్క సీటు ఖాళీ అయితే బరువు తగ్గి త్వరగా పైకి లేస్తుంది, దిగేటప్పుడు రన్‌వే మీద తేలుతుంది. ఆ తేడాకి కంగారుపడకూడదు. అంతా కుదిరిన రోజున కూడా అడ్డగాలి ఎక్కువైతే ఆపేస్తారు.

రోజూ ఫోన్‌లో "సోలో అయిందా?" అని అడగకండమ్మా. ట్రైనింగ్ రికార్డులో రాసిన రిమార్కులు చదివి చెప్పమనండి. అవి మారుతుంటే నేర్చుకుంటున్నట్టే. ఐదారు ఫ్లైట్లుగా 'ఫ్లేర్ ఆలస్యం' (దిగేముందు విమానం ముక్కు ఎత్తడం ఆలస్యం) అని ఒకే మాట రాస్తుంటే, వాడే వెళ్లి చీఫ్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌ని తనతో ఎగిరి పరీక్షించే చెక్ ఫ్లైట్ అడగాలి. మీరు మాత్రం త్వరగా పంపమని అడగొద్దు. ఆ మొదటి సర్క్యూట్ పది నిమిషాల పనే, కానీ కంట్రోల్స్ అందుకోడానికి పక్కన ఎవరూ ఉండరు.

చెక్ తర్వాత ఏమన్నారో నాకు రాయండి.