పాఠకుల ప్రశ్నలు: పిల్లల ఆటకు స్టాప్‌వాచ్ ఎందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయం చుట్టూ, అంటే వీడియోగేమ్‌ల స్పీడ్‌రన్ చుట్టూ, తిరుగుతున్నాయి కాబట్టి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఆరేళ్లు, ఉద్యోగం చేస్తున్నాడు. వాడి చిన్నప్పుడు మా తోడికోడలు అమెరికా నుంచి వస్తూ గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతిలో పట్టుకుని ఆడే యంత్రం, దానితోపాటు పసుపుపచ్చ స్పాంజి బొమ్మ ఉన్న ఆట ఒకటి తెచ్చి ఇచ్చింది. ఇరవై ఏళ్ల తరువాత వాడు దాన్ని అటక మీద నుంచి దించి, రోజూ రాత్రి మొదటి నుంచి ఆడుతున్నాడు. ఒక్క బటన్ తప్పితే ఆపేసి మళ్లీ మొదలుపెడుతున్నాడు. అడిగితే "స్పీడ్‌రన్ అమ్మా" అంటాడు. నేను కంగారు పడాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: కంగారు అక్కర్లేదమ్మా. ఒక వీడియోగేమ్‌ను మొదటి నుంచి చివరి వరకు వీలైనంత తక్కువ సమయంలో పూర్తి చేసి, ఆ ఆట మొత్తాన్ని వీడియోగా తీసి, అదే ఆటను ఆడే మిగతావాళ్ల పరిశీలనకు పెట్టి, తన సమయాన్ని జాబితాలో నమోదు చేయించుకోవడాన్ని స్పీడ్‌రన్ అంటారు. 1993లో వచ్చిన డూమ్ ఆటలో, ఆడినవారు తమ ఆటను చిన్న ఫైలుగా భద్రపరచి ఇతరులకు పంపుకునే వీలు ఉండడంతో ఈ అలవాటుకు గట్టి పునాది పడింది. 1997లో క్వేక్ ఆటను అత్యంత కష్టమైన స్థాయిలో కొందరు కలిసి 19 నిమిషాల 49 సెకన్లలో పూర్తి చేసి చూపించాక అది బాగా పాకింది. ఇప్పుడు వేలాది ఆటలకు ఇలాంటి జాబితాలున్నాయి. 2010లో మొదలైన ‘గేమ్స్ డన్ క్విక్’ అనే కార్యక్రమంలో ఆటగాళ్లు రోజుల తరబడి ఒకరి తరువాత ఒకరు ఇలా ఆడుతూ, ప్రేక్షకుల నుంచి క్యాన్సర్ నివారణకు, ‘డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్’ సంస్థకు విరాళాలు సేకరిస్తుంటారు. నాసిరకం ఆటలకూ, కార్టూన్ పేరు తగిలించి హడావిడిగా అమ్మిన ఆటలకూ అందులో ప్రత్యేకంగా కొన్ని గంటలు కేటాయించే ఆనవాయితీ కూడా ఉంది.

మీరు చెప్పినది స్పాంజ్‌బాబ్ పాత్రతో వచ్చిన ఆట. టీవీ కార్టూన్ హక్కులు కొనుక్కుని, చిన్న చిన్న ఆటలను (మినీగేమ్‌లను) ఒక కార్ట్రిడ్జ్‌లో, అంటే యంత్రంలో పెట్టే క్యాసెట్‌లో, గుదిగుచ్చి అమ్మడం ఆ రోజుల్లో అమెరికా కంపెనీలకు పెద్ద వ్యాపారం. 2005లో టీహెచ్‌క్యూ సంస్థ ఇదే పాత్రతో తెచ్చిన ‘లైట్స్, కెమెరా, ప్యాంట్స్’ ఆ కోవలోదే. పేరున్న ఆటల్లో జాబితా మొదటి స్థానాల కోసం వేలమంది ఏళ్ల తరబడి పోటీ పడుతుంటారు. ఇలాంటి పిల్లల ఆటలో పోటీదారులు పదిమంది కూడా ఉండకపోవచ్చు, ఆట అరగంటలోపే ముగుస్తుంది, పైగా అది తన ఆట. ఉద్యోగం నుంచి వచ్చి అన్నం తిన్నాక గంటసేపు చేయడానికి ఇంతకన్నా వీలైన సాధన దొరకదు. రాత్రి ఒంటిగంట దాటినా గదిలో దీపం వెలుగుతుంటే మాత్రం తల్లిగా మీకున్న అధికారాన్ని నిరభ్యంతరంగా వాడండి.

ప్రశ్న: నేను ఇలాంటి మినీగేమ్‌ల ఆటనే పరుగుకు (స్పీడ్‌రన్‌కు) ఎంచుకున్నాను. చిక్కు ఏమిటంటే, సగం మినీగేమ్‌లు టైమర్ అయిపోయేదాకా ముగియవు. నేను ఎంత బాగా ఆడినా ముప్పై సెకన్లు ముప్పై సెకన్లే. అలాంటప్పుడు వేగానికి చోటెక్కడ?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఈ రకం ఆటల కిటుకు అంతా మీ ప్రశ్నలోనే ఉంది. ముందుగా కాగితం తీసుకుని, మీ ఆటలోని మినీగేమ్‌లను రెండు వరుసలుగా రాసుకోండి: లక్ష్యం చేరగానే ముగిసేవి ఒకవైపు, టైమర్ ముగిసేదాకా సాగేవి మరోవైపు. గేమ్ బాయ్ అడ్వాన్స్‌పై 2003లో వచ్చిన వారియోవేర్ ఆటను చూస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అందులో కొన్ని సెకన్ల చిట్టి ఆటలు చాలావరకు, మీరు మొదటి సెకనులోనే పని ముగించినా, సంగీతం పూర్తయ్యేదాకా కదలవు. ప్రతి అంకం చివర వచ్చే పెద్ద ఆట మాత్రం మీరు గెలవగానే ముగుస్తుంది. అందుచేత లక్ష్యం చేరగానే ముగిసే రకంలో తెగింపు, టైమర్ ముగిసేదాకా సాగే రకంలో జాగ్రత్త అవసరం. టైమర్ ఆటలో సాహసం చేస్తే దక్కేది ఏమీ లేదు, తప్పితే మాత్రం మళ్లీ ఆడవలసి వస్తుంది.

రెండో వరుసను అలా వదిలేయకుండా, ఒక్కో ఆటలో కావాలని ఓడిపోయి చూడండి. పిల్లల కోసం చేసిన ఆటల్లో ఓడినవాడిని నొప్పించకుండా ముందుకు పంపే ఏర్పాటు తరచుగా ఉంటుంది. గెలుపుకు ముప్పై సెకన్లు, సంబరాల బొమ్మలకు మరో ఎనిమిది సెకన్లు పట్టే చోట, అయిదో సెకనులోనే మూడు ప్రాణాలూ పోగొట్టుకుంటే ఆట "పర్వాలేదులే" అని తరువాతి గదిలోకి పంపుతుందేమో పరీక్షించాలి. పంపితే, ఆ మినీగేమ్‌ను అత్యంత వేగంగా ఓడిపోవడాన్ని మీరు సాధన చేయవలసి ఉంటుంది. వినడానికి వింతగా ఉంటుంది కానీ, నియమాలు "కథ ముగింపుకు చేరడం" అని మాత్రమే చెప్పే విభాగంలో ఇది పూర్తిగా న్యాయమే.

ఇక అసలైన గని మినీగేమ్‌ల బయట, అంటే వాటి మధ్య వచ్చే తెరల్లో ఉంది. గేమ్ బాయ్ అడ్వాన్స్ తెర సెకనుకు సుమారు 59.73 సార్లు మారుతుంది. ఒక్కో మార్పును ఫ్రేమ్ అంటారు, దాని నిడివి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. మీ ఆటలో ఇరవై మినీగేమ్‌లున్నాయనీ, ఒక్కోదానికి ముందు మూడు తెరలను దాటాలనీ, ప్రతి తెర దగ్గరా మీ వేలు పది ఫ్రేములు ఆలస్యంగా కదులుతోందనీ అనుకుందాం. మొత్తం 600 ఫ్రేములు, అంటే పది సెకన్లు, మీరు ఆట ఆడని చోటే పోయాయి. మినీగేమ్‌లలో అంత సమయం సంపాదించడానికి మీకు నెలలు పట్టవచ్చు. కాబట్టి సంభాషణల పెట్టెలను ఏ బటన్‌తో దాటించవచ్చో, రెండు బటన్లను మార్చి మార్చి నొక్కితే వేగం పెరుగుతుందో లేదో, బటన్‌ను పట్టి ఉంచితే అక్షరాలు త్వరగా పడతాయో లేదో ఒక్కొక్కటిగా పరీక్షించి రాసుకోండి. భాష ఎంచుకునే వీలున్న ఐరోపా కార్ట్రిడ్జ్ అయితే అన్ని భాషలనూ చూడండి. అక్షరాలు ఒక్కొక్కటిగా తెరపై పడే ఆటల్లో వాక్యం పొట్టిగా ఉన్న భాషే వేగవంతమైన భాష. పెద్ద ఆటలను చాలామంది జపాన్ భాషలో ఆడేది ఈ కారణంతోనే. ఈ యంత్రానికి దేశాల వారీ తాళం లేదు, టీవీ యంత్రాల్లా ఐరోపాలో నెమ్మదిగా నడిచే బెడదా లేదు, కనుక ఏ దేశపు కార్ట్రిడ్జ్ అయినా మీ దగ్గరున్న యంత్రంలో అదే వేగంతో నడుస్తుంది.

చివరగా అదృష్టం సంగతి. ఏ మినీగేమ్ ముందు వస్తుందో, పండ్లు ఎక్కడ రాలతాయో ఆట యాదృచ్ఛికంగా నిర్ణయిస్తున్నట్టు కనబడుతుంది. అయితే ఈ కార్ట్రిడ్జ్‌లలో చాలావాటిలో గడియారం ఉండదు. స్విచ్ వేసిన క్షణం నుంచి ఎన్ని ఫ్రేములు గడిచాయి, మీరు ఏ బటన్లు నొక్కారు అన్న లెక్కల నుంచే ఆట తన పాచికలను వేస్తుంది. స్విచ్ వేసిన ప్రతిసారీ ఆ లెక్క ఒకే చోట మొదలయ్యే ఆటలో, ఒకే ఫ్రేములో ఒకే బటన్ నొక్కితే ఒకే వరుస వస్తుంది. సెకనులో అరవయ్యో వంతును వేలితో పట్టుకోవడం అసాధ్యం కాదు గానీ, ప్రారంభ సంగీతంలోని ఒక దరువును గుర్తుగా పెట్టుకుని తాళం వేసే మృదంగ విద్వాంసుడిలా సాధన చేయాలి.

ప్రశ్న: పాత యంత్రం పాడైంది. కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాం) మీద ఆడితే నా సమయాన్ని ఒప్పుకుంటారా? యంత్రానికీ యంత్రానికీ నిజంగా అంత తేడా ఉంటుందా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఒప్పుకునేదీ లేనిదీ ఆ ఆట జాబితాను నడిపేవారి నియమాలను బట్టి ఉంటుంది; కొందరు ఎమ్యులేటర్ సమయాలను వేరుగా చూపుతారు, కొందరు ఎంజీబీఏ వంటి ఖచ్చితమైన వాటినే అనుమతిస్తారు. తేడా మాత్రం నిజం. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ పాత గేమ్ బాయ్‌ది. దాని ఆటలను టీవీలో ఆడించడానికి వచ్చిన మొదటి సూపర్ గేమ్ బాయ్, తన గడియారాన్ని సూపర్ నింటెండో అనే టీవీ ఆటయంత్రం నుంచి అరువు తెచ్చుకోవడం వల్ల, అసలు యంత్రం కంటే 2.4 శాతం వేగంగా నడుస్తుంది. అరగంట పరుగులో అది సుమారు 42 సెకన్లు, అంటే ఏ నైపుణ్యమూ చూపకుండా దక్కే బహుమతి. అందుకే ఏ యంత్రంపై ఆడారో రాయడం తప్పనిసరి చేశారు.

అసలు యంత్రమే కావాలనుకుంటే, 2004లో వచ్చిన నింటెండో డీఎస్, ఆ తరువాతి డీఎస్ లైట్ కూడా గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌లను తీసుకుంటాయి. 2008 నాటి డీఎస్ఐలో ఆ గాడి తీసేశారు, చూసి కొనండి. గేమ్‌క్యూబ్ యంత్రం కింద అమర్చే గేమ్ బాయ్ ప్లేయర్ దొరికితే వీడియో తీయడం తేలిక. అది లేకపోతే, తెరకూ చేతులకూ కలిపి ఫోన్‌ను ఒక స్టాండు మీద నిలబెట్టి తీసినా చాలా చోట్ల సరిపోతుంది.

ప్రశ్న: ఆటలోని లోపాన్ని వాడుకుని గోడలోంచి దూరిపోవడం మోసం కాదా? ఒక వీడియోలో మనిషికి సాధ్యం కాని వేగం చూశాను, అదెలా?
– ఒక ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

జవాబు: ఆటలో ఉన్నది ఏదైనా వాడుకోవచ్చు అనే విభాగం ఒకటి, గ్లిచ్‌లు (ఆటలోని లోపాలు) నిషిద్ధమైన విభాగం మరొకటి, ఉన్నవన్నీ సేకరించి తీరాలనే విభాగం ఇంకొకటి, ఏ పందెంలో దిగారో ఆ నియమం పాటిస్తే మోసం లేదు. బటన్‌ను దానంతటదే టపటపా నొక్కే పరికరం వాడడం చాలా చోట్ల నిషిద్ధం. ముక్కలుగా తీసిన వీడియోను ఒకే ఆటగా అతికించడం మాత్రం ఎక్కడైనా మోసమే. మీరు చూసినది బహుశా పరికరాల సాయంతో చేసిన పరుగు కావచ్చు. అందులో ఎమ్యులేటర్‌ను ఒక్కో ఫ్రేము దగ్గర ఆపి, తప్పితే వెనక్కి వెళ్లి, బటన్ల వరుసను ఒక శిల్పంలా చెక్కుతారు. 2003లో సూపర్ మారియో బ్రదర్స్ 3 ఆటను సుమారు 11 నిమిషాల్లో ముగించిన అలాంటి జపాన్ వీడియో ఒకటి, మనిషి చేత్తో ఆడినదేనని నమ్మినవారిని తరువాత బాగా నిరాశపరిచింది. ఇవి వేరే జాబితాలో ఉంటాయి. చేత్తో ఆడేవారికి ఏది సాధ్యమో చూపే పటంలా పనికొస్తాయి.

ప్రశ్న: నా చిన్ననాటి ఆట మళ్లీ కొందామంటే కొత్తది ఎక్కడా లేదు. పాతది కొనేటప్పుడు ఏమి చూడాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కార్టూన్ హక్కుల ఒప్పందం గడువు తీరాక ఇలాంటి ఆటలను మళ్లీ ముద్రించడం చాలా అరుదు, పైగా వాటిని తెచ్చిన కంపెనీలే కొన్ని లేకుండా పోయాయి, పైన చెప్పిన టీహెచ్‌క్యూ 2012 డిసెంబరులో దివాలా తీసింది. కాబట్టి పాతవే గతి, వాటిలో నకిలీలు ఎక్కువ. అసలు కార్ట్రిడ్జ్ లేబుల్ మీద వెలుతురుకు వాల్చి చూస్తే అదిమిన రెండంకెల గుర్తు కనిపిస్తుంది, కింద లోహపు పళ్ల పైభాగంలో బోర్డు మీద నింటెండో పేరు ఉంటుంది. నకిలీలు నడిచినా, ఆటను భద్రపరచడంలో మొరాయిస్తాయి. కొన్నాక ఆట మొదలుకాకపోతే, మన ఇళ్లలో తొంభైల నాటి వీడియోగేమ్ క్యాసెట్‌లకు చేసినట్టు నోటితో ఊదకండి. ఊపిరిలోని తడి లోహపు పళ్లకు తుప్పు పట్టిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి.