ఫౌలర్ మాటలు ఏ ఎడిషన్ నుంచి కోట్ చేయాలి

ఇంగ్లిష్ వాడుక మీద నిఘంటువు రాసిన హెచ్.డబ్ల్యూ. ఫౌలర్ ప్రభావం మీద పేపర్ రాస్తున్నా, నా దగ్గరున్న ఆయన మోడర్న్ ఇంగ్లిష్ యూసేజ్ 1996 ఎడిషన్ నుంచి ఆయన మాటలు కోట్ చేయొచ్చా అని అడిగారు కదండీ, వద్దు. ఆయన 1933లోనే పోయారు, ఆ మూడో ఎడిషన్ ఎడిటర్ బర్చ్‌ఫీల్డ్ దాదాపు మొత్తం తిరగరాసింది. అసలు ఫౌలర్ కావాలంటే 1926 నాటి మొదటి ఎడిషనే చూడాలి, భాషావేత్త డేవిడ్ క్రిస్టల్ ముందుమాటతో మళ్ళీ వేశారు. అందులో స్ప్లిట్ ఇన్ఫినిటివ్ (to boldly go లాగా to కీ క్రియకీ మధ్య మాట దూర్చడం, దాన్ని తప్పనే రూల్ ఒకటుంది) ఎంట్రీ తప్పకుండా చదవండి, ఇంగ్లిష్ వాళ్ళని ఐదు రకాలుగా విడదీసి, తెలియకుండానే ఆ రూల్‌కి భయపడేవాళ్ళని ఎలా ఉతికి ఆరేశారో చూస్తే ఆయన్ని ఉత్త ఛాందసుడు అనడం ఎంత అన్యాయమో తెలుస్తుంది. అదే ఎంట్రీని గవర్స్ సవరించిన 1965 రెండో ఎడిషన్‌తో, మీ 1996 దాంతో పక్కపక్కన పెట్టండి, ఏది నిలిచిందో ఏది పోయిందో అదే మీ పేపర్‌కి అసలు సరుకు. 1906 నాటి ది కింగ్స్ ఇంగ్లిష్ మాత్రం తమ్ముడు ఫ్రాంక్‌తో కలిసి రాసింది, ఒక్కరి ఖాతాలో వేసేయకండి.