ఐపీ అడ్రస్ తెలిసిందని బెదిరిస్తే కేసు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది బొబ్బిలి. పాత వస్తువులు అమ్ముకునే ఆన్‌లైన్ గ్రూపులో ల్యాప్‌టాప్ బేరం తెగక ఒక వ్యక్తితో మాటా మాటా పెరిగింది. ఆ తర్వాత అతను ‘ఈ ఫొటో చూడు’ అంటూ ఒక లింకు పంపితే నొక్కాను. కాసేపటికే నా ఐపీ అడ్రస్, ఇంటర్నెట్ కంపెనీ పేరు, ఒక మ్యాపు వాట్సాప్‌లో పెట్టాడు. మ్యాపులో గుర్తు విశాఖపట్నంలో ఉంది. ‘నీ ఇల్లు తెలుసు. 20 వేలు పంపకపోతే నీ ఫొటోలన్నీ బయటపెడతా, నీ ఐపీతో నేరాలు చేసి పోలీసులను మీ ఇంటికి పంపిస్తా’ అంటున్నాడు. ఐపీ అడ్రస్ లాగడం నేరం కాదా? మా వైఫైని పైవాటాలో అద్దెకున్నవారు కూడా వాడుతున్నారు. దానివల్ల ఏమైనా చిక్కు వస్తుందా?

జవాబు: ముందుగా, డబ్బు పంపకండి. ఒకసారి పంపితే మీరు భయపడి ఇచ్చే మనిషని అతనికి రూఢి అవుతుంది.

మ్యాపు సంగతి చూద్దాం. మీ ఇల్లు బొబ్బిలిలో, గుర్తు విశాఖపట్నంలో. నిజంగా ఇల్లు తెలిసినవాడు మీ వీధి పేరు చెప్పి బెదిరిస్తాడు గానీ వేరే జిల్లా మ్యాపు పంపడు. ఐపీ అడ్రస్ అంటే ఇంటర్నెట్ కంపెనీ మీ కనెక్షన్‌కు ఇచ్చే సంఖ్య. మీరు తెరిచే ప్రతి వెబ్‌సైటుకూ అది తెలుస్తుంది, తెలియకపోతే పేజీ తిరిగి మీ దాకా రాలేదు. ఆ లింకు ఆ సంఖ్యను రాసిపెట్టుకుంది. దాన్నిబట్టి కంపెనీ పేరు, సుమారుగా ఊరు చెప్పే సైట్లు ఉచితంగానే ఉన్నాయి. ఆ ఊరు తరచుగా కంపెనీ పరికరాలున్న నగరమే అవుతుంది. అయితే లింకు నొక్కాక ఏదైనా యాప్ దించుకున్నారా? పాస్‌వర్డో ఓటీపీయో టైపు చేశారా? చేసి ఉంటే అది ఐపీ సమస్య కాదు, వెంటనే వేరే ఫోను నుంచి పాస్‌వర్డులు మార్చి, బ్యాంకుకు చెప్పండి.

ఆ సంఖ్య వెనుక ఉన్న పేరు, చిరునామా ఇంటర్నెట్ కంపెనీ దగ్గర మాత్రమే ఉంటాయి. పోలీసులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (దర్యాప్తు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం) సెక్షన్ 94 కింద రాతపూర్వకంగా అడిగితే, లేదా కోర్టు ఆదేశిస్తే కంపెనీ ఇస్తుంది. ప్రైవేటు వ్యక్తి అడిగితే ఇవ్వదు. డబ్బుకు ఆశపడి ఉద్యోగి ఎవరైనా ఇస్తే ఐటీ చట్టం సెక్షన్ 72ఎ కింద 3 ఏళ్ల వరకు జైలు. అందులోనూ మొబైల్ డేటా అయితే ఒకే ఐపీని ఎందరో చందాదారులు ఒకే సమయంలో పంచుకుంటారు. పోలీసులకైనా ఐపీతో పాటు సెకన్లతో సహా సమయం, పోర్టు నంబరు (ఒకే ఐపీ పంచుకునేవారిని వేరుచేసే అంకె) ఉంటే తప్ప మనిషి తేలడు. లేకుంటే అపార్ట్‌మెంటు గేటు దాకా వచ్చి ఫ్లాటు నంబరు తెలియక నిలబడ్డట్టే.

ఇక చట్టం. ఐపీ అడ్రస్ తెలుసుకోవడం ఒక్కటే మన దేశంలో నేరం కాదు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన మాట నిజమే. కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రధానంగా కంపెనీలు, సంస్థలు మన సమాచారాన్ని ఎలా వాడాలో చెప్పేది. ఇలాంటి ఆకతాయి మీద ఆ చట్టం పట్టుకుని తిరిగితే కాలయాపనే.

మీ చేతిలో అంతకంటే పదునైనవి ఉన్నాయి. డబ్బు గుంజడానికి భయపెట్టడం భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షలు చెప్పే చట్టం) సెక్షన్ 308(3) కింద నేరం. మీరు రూపాయి ఇవ్వకపోయినా సరే, భయపెట్టినందుకే 2 ఏళ్ల వరకు శిక్ష. ఇచ్చి ఉంటే 308(2), 7 ఏళ్ల వరకు. సెక్షన్ 351 కింద నేరపూరిత బెదిరింపు ఎలాగూ వర్తిస్తుంది. మీ కనెక్షన్‌ను ట్రాఫిక్‌తో ముంచెత్తి ఆపేసినా, మీ పరికరాల్లోకి చొరబడినా ఐటీ చట్టం సెక్షన్ 43, 66 కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఒక మహిళ ఇంటర్నెట్ వాడకంపై ఇలా నిఘా పెడితే న్యాయ సంహిత సెక్షన్ 78, అంటే వెంటాడి వేధించడం కూడా తోడవుతుంది.

ఫిర్యాదు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో, దగ్గరి స్టేషన్‌లోనో ఇవ్వవచ్చు. 1930 నంబరు ముఖ్యంగా డబ్బు పోయినవారి కోసం. ‘మా పరిధి కాదు’ అంటే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 గుర్తు చేయండి, నేరం ఎక్కడ జరిగినా సమాచారం నమోదు చేయాలి. ఆ లోపు చాట్ చెరపకండి, నంబరు బ్లాక్ చేసే తొందరలో సాక్ష్యం పోగొట్టుకోకండి. మీరు నొక్కిన లింకు, అతని నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, అసలు ఫోనును అలాగే ఉంచండి. కోర్టులో ఆ ప్రింట్లకు సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి.

‘నీ ఐపీతో నేరాలు చేస్తా’ అన్నది చాలావరకు కోతే. సంఖ్య తెలిసినంత మాత్రాన మీ కనెక్షన్ నుంచి ఎవరూ ఏమీ చేయలేరు, మీ రౌటర్‌లోకో వైఫైలోకో దూరితే తప్ప. నేను జాగ్రత్త చెప్పేది అక్కడే. ఇంట్లో సీసీ కెమెరాలు ఉంటే, బిగించిన కుర్రాడు ఫోనులో చూసుకునేందుకు రౌటర్‌లో ఒక దారి తెరిచి, డీవీఆర్‌కు (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టెకు) అందరికీ తెలిసిన పాస్‌వర్డే వదిలేసి వెళ్లి ఉంటాడు. అలాంటి ఇంటి ఐపీ తెలిసినవాడు మీ వరండా చూడగలడు. ఈరోజే ఆ పాస్‌వర్డు, రౌటర్ పాస్‌వర్డు మార్చండి. రౌటర్ కాసేపు ఆపి మళ్లీ వేస్తే చాలా కనెక్షన్లలో ఐపీ కూడా మారిపోతుంది.

అసలు చిక్కు మీరు చివర్లో అడిగిన అద్దెవారి వైఫైలో ఉంది. వాళ్లలో ఎవరైనా తప్పుడు పని చేస్తే ఐపీ చూపించేది చందాదారు పేరునే, అంటే మిమ్మల్నే. ఐపీని మనిషిగా పొరబడితే ఏమవుతుందో 2007లో చూశాం. ఆర్కుట్ అనే సామాజిక మాధ్యమంలో ఛత్రపతి శివాజీని కించపరిచిన పోస్టు విషయంలో పుణే పోలీసులు బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని అరెస్టు చేశారు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఐపీ వివరాలు తప్పని తేలి బయటపడేసరికి అతను 50 రోజులు జైల్లో ఉన్నాడు. విదేశీ సంస్థల లాగ్‌లు (ఏ ఐపీ ఎప్పుడు వచ్చిందో చెప్పే రికార్డులు) సాధారణంగా అంతర్జాతీయ కాలమానంలో ఉంటాయి, మన సమయం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. ఆ తేడా ఒక్కటి మరిచినా నోటీసు వేరే ఇంటికి వెళుతుంది.

చందాదారు అయినంత మాత్రాన మీరు దోషి కారు, కానీ సంజాయిషీ చెప్పుకోవాల్సింది మొదట మీరే. కాబట్టి పైవాటాకు వేరే కనెక్షన్ తీసుకోమనండి. కుదరకపోతే రౌటర్‌లో అతిథుల కోసం వేరే నెట్‌వర్క్ పెట్టి, వేరే పాస్‌వర్డు ఇవ్వండి, ఎవరు వాడుతున్నారో అద్దె ఒప్పందంలో రాయండి. వైఫైకి విడిగా డబ్బు మాత్రం వసూలు చేయకండి, కనెక్షన్‌ను తిరిగి అమ్మకూడదని చాలా కంపెనీల షరతుల్లో ఉంటుంది. ఎప్పుడైనా నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35 కింద హాజరు నోటీసు వస్తే వకీలుతో కలిసి ఆ తేదీకి తప్పక వెళ్లండి. కంగారులో రౌటర్ రీసెట్ చేయకండి. ఏ పరికరాలు కలిశాయో చెప్పే రికార్డు ఏమైనా అందులో ఉంటే తుడిచిపెట్టుకుపోతుంది, సాక్ష్యం మాయం చేశారన్న అనుమానం మీ మీదికే వస్తుంది.