చిన్న షాపుకి మనిషిని ఎలా ఎంచుకోవాలి? ముందు మీ పద్దు పుస్తకం తీసి చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాకు హార్డ్‌వేర్ షాపు ఉంది, పదేళ్ళయింది. సొంతూరు పాతపట్నం దగ్గర. షాపులో నలుగురు కుర్రాళ్ళు పనిచేస్తారు. నమ్మకమైన మనిషిని ఎలా పట్టుకోవాలి, పట్టుకున్నాక ఎలా నిలుపుకోవాలి అని అడిగారు కాబట్టి రాస్తున్నాను.

పట్టుకోవడం పెద్ద విషయం కాదు. ఇంటర్వ్యూలో ఎవడైనా మంచి జవాబులే చెప్తాడు. నేనైతే కలిసిపోయిన పైపు ఫిట్టింగుల గోనెసంచి ముందు పోసి వేరుచెయ్యమంటాను. తెల్లవి యూపీవీసీ అనే ప్లాస్టిక్‌వి, మీగడ రంగువి సీపీవీసీ అనే ఇంకో రకంవి, అర ఇంచి ఒకపక్క, ముప్పావు ఒకపక్క. తెలియని ముక్క చేత్తో పట్టుకొచ్చి "ఇదేటి బాబూ" అని అడిగినవాడిని ఉంచుకుంటాను, అన్నీ తెలిసినట్టు ఏదో కుప్పలో పడేసినవాడికి ఆ పూట కూలి ఇచ్చి పంపేస్తాను. కూలి మాత్రం ఇవ్వాలండోయ్. ట్రయల్ పేరు చెప్పి రెండ్రోజులు ఊరికే చాకిరీ చేయించుకునేవాళ్ళని చూశాను, పైగా మనుషులు దొరకడం లేదని ఏడుస్తారు.

నిలుపుకోవడంలోనే నేను బోర్లాపడ్డాను. కాశీనగర్ వైపు నుంచి ఒక ఒడియా కుర్రాడు వచ్చేవాడు. సైజు చెప్తే చాలు, చూడకుండానే పెట్టెలో చెయ్యిపెట్టి ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క, తీసేవాడు. మూడేళ్ళ కిందట జూన్‌లో, ఒడియావాళ్ళ రజ పండక్కి ఊరెళ్తూ లెక్క తేల్చమన్నాడు. పుస్తకం చూసి "800 అడ్వాన్సు తీసుకున్నావు, అది పోగా ఇంత" అన్నాను. కాదు, 400 అన్నాడు. అప్పటికి షాపు నిండా జనం, నాకు ఒళ్ళు మండింది. అతను జేబులోంచి క్యాలెండరు కాగితం తీశాడు, దాని వెనకాల పద్దు రాసుకున్నాడు. చూస్తే 800 అనే కనిపించింది. "నీ చేత్తో నువ్వే రాసుకుని మళ్ళీ అబద్ధమాడుతున్నావా" అని అందరి ముందూ గట్టిగా నవ్వాను. కౌంటరు దగ్గర కుళాయి కొంటున్న ఒక మాస్టారు ఆ కాగితం తీసుకుని చూసి, "అది నాలుగండీ" అన్నారు.

ఒడియాలో నాలుగు అంకె మన 8లా ఉంటుంది, పైన కాస్త తెరుచుకుని. మరి నా పుస్తకంలో 800 ఎలా వచ్చిందంటే, ఇచ్చిన 400 నేనోసారి రాశాను, సాయంత్రం మా బావమరిది ఇంకోసారి రాశాడు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే ఉండి సవర గిరిజనుల దగ్గర సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువే రాశారు. నేను అదే ఊళ్ళో షాపు పెట్టి, ఒడియాలో గలగలా బేరాలు చేస్తూ, పది అంకెలు గుర్తుపట్టలేకపోయాను.

మిగతా 400 ఆ నిమిషమే ఇచ్చేశాను. అతను లెక్కపెట్టుకుని వెళ్ళాడు. పండగ అయిపోయింది, రాలేదు. రెండు వీధుల అవతల సిమెంటు షాపులో చేరాడని తర్వాత తెలిసింది. అక్కడ జీతం ఎక్కువేమీ కాదు, నేను కనుక్కున్నాను. అతని చోట్లో మూడు నెలల్లో ముగ్గురు మారారు. ఒకడైతే కుళాయి బిగించే చోటికి లోపల ఇత్తడి మర ఉన్న బ్రాస్ ఎల్బో ఇవ్వాల్సింది మామూలు ప్లాస్టిక్ ఎల్బో ఇచ్చి పంపాడు, మేస్త్రి గోడ మళ్ళీ పగలగొట్టి వచ్చి నన్ను తిట్టాడు.

ఇప్పుడు ఒక్కొక్కడికి ఒక చిన్న పుస్తకం కొనిచ్చాను. అడ్వాన్సు ఇచ్చినప్పుడు అంకె ఒడియాలో వాళ్ళు రాస్తారు, పక్కన నేను రాస్తాను, ఇద్దరం సంతకం పెడతాం. బావమరిదికి పెన్ను ఇవ్వను. జీతం ఒకటో తారీఖున అడక్కముందే చేతిలో పెడతాను. వెయ్యి మందిలోపు పనిచేసే చోట జీతం 7వ తేదీ దాటకూడదని 1936 నాటి జీతాల చెల్లింపు చట్టంలోనే రాశారు. మా ఊరు ఒడిశాలో కలిసిన ఏడాదీ అదే. ఇప్పటికీ 15వ తేదీ దాకా "కలెక్షన్ రాలేదు" అనే యజమానులు మా బజారులోనే ఉన్నారు, వాళ్ళే కుర్రాళ్ళ ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు. సర్టిఫికెట్టు దగ్గరుంటే మనిషి పారిపోడట. పోనీ, ఉన్నవాడు పని చేస్తున్నాడా అంటే అదీ లేదు.

ఇంకొకటి, చుట్టాల సిఫార్సు. మా పిన్ని కొడుకు అనగానే వద్దని చెప్పేయండి, తప్పు చేస్తే ఒక్క మాట అనలేరు, అంటే పెళ్ళిళ్ళలో తలెత్తుకోలేరు.

ఆ కుర్రాడు ఇప్పటికీ సిమెంటు బిల్లు పట్టుకుని నా షాపుకి వస్తుంటాడు. తప్పైపోయిందని ఇంతవరకూ నోరు తెరిచి అనలేదు నేను. వచ్చినప్పుడల్లా టీ తెప్పిస్తాను, నిలబడే తాగి వెళ్ళిపోతాడు.