పికప్ ఇస్తే కారు వణుకుతోంది: గ్యారేజీకి కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

సందేహం: మాది మెహదీపట్నం. ఆరేళ్ల నాటి పెట్రోల్ కారు, సొంత వాడకానికే. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు ఎక్కుతూ యాక్సిలరేటర్ నొక్కితే బండంతా వణుకుతుంది. కాలు తీస్తే ఆగిపోతుంది. ఒక గ్యారేజీ వాళ్లు మూడు నెలల్లో నాలుగుసార్లు బండి తీసుకున్నారు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,800, నాలుగు టైర్లు 22,000, ప్లగ్గులు, ప్లగ్గుకు కరెంటు అందించే ఒక కాయిల్ 5,600, ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు 9,000. మొత్తం 38,400 రూపాయలు కట్టాను. వణుకు అలాగే ఉంది. చివరిసారి డబ్బు కట్టేదాకా తాళం ఇవ్వలేదు. మౌంటింగులకు బిల్లు అడిగితే చిత్తు కాగితం మీద రాసిచ్చారు. టోలిచౌకిలో మరో మెకానిక్ బండి కింద దూరి చూసి, ఎడమవైపు యాక్సిల్ లోపలి జాయింటు మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగి గ్రీజంతా పోయిందని, అసలు జబ్బు అదేనని అన్నాడు. నా డబ్బు రాబట్టుకోవచ్చా? మా బావగారేమో కంపెనీ మీద కేసు వేసి కారే మార్పించుకోమంటున్నారు.
- ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు ఒక్క మాట. ఆ యాక్సిల్‌ను ఇప్పుడే విప్పించకండి. మీ కేసుకు సాక్షి అదే. దాన్ని మార్చి పాతది తుక్కులో వేసేస్తే, రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీ మాట, వాళ్ల మాట తప్ప మరేమీ మిగలదు.

రిపేరు చేసినా బండి బాగుపడలేదు అన్నంత మాత్రాన సేవాలోపం కాదు. డాక్టరుకైనా మెకానిక్‌కైనా చట్టం అడిగేది తగిన జాగ్రత్తే. కాబట్టి మీరు నిరూపించాల్సింది ‘వణుకు పోలేదు’ అని కాదు, ‘పరీక్ష చేయకుండానే సామాన్లు మార్చారు’ అని. మీరు చెప్పిన లక్షణంలోనే ఆ పరీక్ష ఉంది. చక్రాల బ్యాలెన్స్ తప్పితే ఒక వేగం దగ్గర వణుకు మొదలవుతుంది, కాలు తీసినా ఆ వేగం ఉన్నంతసేపూ ఉంటుంది. ఇంజిన్ మిస్ అవుతుంటే, అంటే ఏదో సిలిండరులో పెట్రోల్ సరిగా మండకపోతే, సాధారణంగా చెక్ లైట్ వెలుగుతుంది, స్కానర్ పెడితే ఏ సిలిండరో కోడ్ చెబుతుంది. పీ0302 అంటే రెండో సిలిండరు. అనుమానం కాయిల్ మీదైతే దాన్ని పక్క సిలిండరుకు మార్చి చూస్తారు. కోడ్ కూడా దాంతోపాటు జరిగితే తప్పు కాయిల్‌దే. పైసా సామాను కొనకుండా తేలే పని ఇది. మౌంటింగులు తెగితే బండి నిలబడి ఉన్నప్పుడు కూడా అదురు తెలుస్తుంది. లోడు పడినప్పుడు మాత్రమే వణికి, కాలు తీయగానే సర్దుకుంటోందంటే యాక్సిల్ లోపలి జాయింటును (సీవీ జాయింటు అంటారు) మొదటి వరసలోనే అనుమానించాలి. లిఫ్టు మీద ఎక్కించి బూటు చూడటానికి రెండు నిమిషాలు చాలు. నాలుగుసార్లు బండి వాళ్ల దగ్గరే ఉన్నా ఎవరూ అది చూడకపోవడమే నా దృష్టిలో సేవాలోపం.

అందుకే జాబ్ కార్డుల (బండి తీసుకున్నప్పుడు గ్యారేజీ రాసుకునే పని చీటీల) నకళ్లు అడగండి. వాటిలో స్కానర్ రిపోర్టు గానీ, టెస్ట్ డ్రైవ్ నోట్ గానీ లేకపోతే అది మీకు పెద్ద బలం.

ఇక ఆధారం. మంచి పేరున్న మరో వర్క్‌షాపులో బండి చూపించి, కనిపించింది లెటర్‌హెడ్ మీద రాయించండి. చిరిగిన బూటు, నంబరు ప్లేటు, ఓడోమీటరు ఫొటోలు తీయండి. ర్యాంపు ఎక్కుతున్నప్పుడు పక్క సీట్లో కూర్చున్నవాళ్లు వీడియో తీయాలి, నడుపుతూ మీరు తీయొద్దు. వాట్సాప్ చాట్, వీడియో వంటివాటికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయడం మంచిది. ఆ తర్వాత పాత గ్యారేజీకి స్పీడ్ పోస్టులో రాయండి: ‘వారంలోగా వచ్చి చూసుకోండి, ఆపైన బయట చేయించుకుంటాను’ అని. గడువు దాటాక నిరభ్యంతరంగా మార్పించి, పాత యాక్సిల్ గోనెసంచిలో కట్టి ఇంట్లో దాచండి. ఈలోగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకండి. అరిగిన జాయింటు పూర్తిగా విడిపోతే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. యాక్సిల్ మార్చాక కూడా వణుకు పోకపోతే మాత్రం కేసు వేయకముందే నాకు మళ్లీ రాయండి, అప్పుడు లెక్క మారుతుంది.

తాళం ఇవ్వకపోవడం మీకు చాలా బాధ కలిగించినట్టుంది. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 పనిచేసినవాడికి కూలి అందేదాకా వస్తువు ఆపుకునే హక్కు ఇచ్చింది, అందుకని దాన్ని ఫిర్యాదులో పెద్దది చేయకండి. ఇకముందు ఎప్పుడైనా అలా జరిగితే ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని బిల్లు మీద రాసి కట్టండి. బిల్లు ఇవ్వకపోవడం మాత్రం వేరే సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అది అనుచిత వ్యాపార పద్ధతే. లోపమున్న సేవకు తీసుకున్న డబ్బును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో తిరిగివ్వననడం కూడా అదే సెక్షన్‌లోకి వస్తుంది. కనుక డబ్బు తిరిగివ్వమని గ్యారేజీకి పంపే నోటీసులో 30 రోజుల గడువు ఇవ్వండి, ఆ చిత్తు కాగితాన్ని భద్రంగా దాచండి.

బావగారి సలహా మీ విషయంలో పనికిరాదు. తయారీలోనే లోపముందని చూపగలిగితేనే కారు మార్పు మాట వస్తుంది. క్లచ్ లోపం మీద వచ్చిన ఒక కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ షరతుల ప్రకారం చెడిన భాగాన్ని మార్చాలే గానీ కారునే మార్చమనడం కుదరదంది. ఆరేళ్లు తిరిగిన బండిలో రబ్బరు బూటు చిరగడం తయారీ లోపం కాదు.

డబ్బు ఇవ్వకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయండి. తేలకపోతే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. గ్యారేజీ ఎక్కడున్నా మీరు నివసించే చోట వేసుకునే వీలు ఈ చట్టం ఇచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. నోటీసుల మీద నోటీసులు పంపితే ఆ గడువు పెరగదు.

ఎంత అడగాలి? మొత్తం 38,400 అడగమని నేను చెప్పను. బ్యాలెన్సింగ్‌తో మొదలుపెట్టడం తప్పు కాదు. టైర్లు మీరు వాడుకుంటున్నారు. పాతవి నిజంగా అరిగిపోయి ఉంటే ఆ 22,000 వదిలేయండి, బాగానే ఉన్నాయని ఫొటోలుంటే మాత్రం అడగండి. ప్లగ్గులు, కాయిల్, మౌంటింగుల 14,600, రాకపోకల ఖర్చు, మనోవేదనకు ఒక మోస్తరు పరిహారం, కేసు ఖర్చులు రాయండి. మార్చిన పాత మౌంటింగులు చూపించమని కూడా నోటీసులోనే అడగండి.